అడుగున రాసిన మాట

గణపతిరావు కూర్చోబోయాడు. బల్ల అంచుకి చెయ్యి ఆనించి మోకాలు సగమైనా వంచకముందే వెనకనుంచి అసిరయ్య గొంతు వినబడింది.

"కూకోకండి బాబూ. ఆ గోడ మీద మాట రాయకుండా ఈ గదిలో ఎవులూ కూకోరు."

యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లవి. తెల్లారి ఆరింటినుంచి పోలీసు థానాకీ ఆస్పత్రికీ తిరిగి తిరిగి వాచిపోయాయి. ఆ నియమం పెట్టిన మనిషి నిన్న సాయంత్రమే చచ్చిపోయాడు కదయ్యా అందామనుకున్నాడు గణపతిరావు. ముసలివాడి కళ్లు చూసి నోరు మూసుకున్నాడు. నిలబడే ఉండిపోయాడు.

గడియారం చూసుకున్నాడు. రెండూ ముప్ఫై అయిదు. నాలుగింటికి థానా దరోగా శర్మ తోమాస్‌ని జీపెక్కించి మేజిస్ట్రేటు ఇంటికి తీసుకెళ్తాడు. నేరం ఒప్పుకున్నానని కొట్టో బెదిరించో అక్కడ ఒక్క సంతకం పెట్టించారంటే ఇంక ఆ కుర్రాణ్ణి ఉరికంబం నుంచి దింపడం ఎవరి తరమూ కాదు. తోమాస్‌కి ఇరవై ఆరేళ్లు, ఆస్పత్రిలో కట్లు కట్టే ఉద్యోగం. వాళ్లమ్మ త్రేసమ్మ తెల్లవారకముందే వచ్చి గణపతిరావు గుమ్మంలో కూలబడింది. ఏడవలేదు. "నా బిడ్డ కోడిపిల్లని కొయ్యమంతే పారిపోతాడు బాబూ" అని ఒక్కమాట అని, మరి కదల్లేదు. పోయిన సైకిళ్లు వెతికి పెట్టడం, పెళ్లి సంబంధాల వివరాలు ఆరా తియ్యడం తప్ప రిటైరయ్యాక వేరే పని ఎరగని గణపతిరావు, ఈ హత్య తన వల్ల కాదని చెప్పడానికే లేచాడు. చెప్పలేకపోయాడు. ఇదిగో, ఇలా నిలబడ్డాడు.

చనిపోయినవాడు సవరయ్య మాస్టారు. ఒకప్పుడు ఫాదిరీ కావాలని ఏడేళ్లు లాటిను చదివి, మధ్యలో వచ్చేసి, ఈ హిందీ దేశపు ఊళ్లో బడిపంతులై, బడి మానేశాక కాసిడీహ్‌లోని తన ఇంటి ముందుగదిలో ఫ్యాక్టరీ మనుషులకి సైన్సు చెబుతూ వచ్చాడు. పరీక్ష రాసి పై గ్రేడుకి వెళదామనుకునే తెలుగువాళ్లంతా ఆయన దగ్గరికే చేరేవారు. ఇంగ్లీషు సైన్సు మాటలు చూసి వాళ్లు జడుసుకుంటే, "మాటకి భయపడతారేంట్రా, దాని ఇంటిపేరు పట్టుకోండి" అనేవాడట. రోజుకో లాటిను ధాతువు. అది ఒంటబడితే, దాని కింద పుట్టిన మాటలన్నీ చుట్టాల్లా వాటంతటవే పలకరిస్తాయని ఆయన నమ్మకం.

నల్లరంగు పూసిన గోడ మీద నిన్నటి పాఠం అలాగే ఉంది. అన్నిటికంటే అడుగున, నేలకి మూరెడు ఎత్తులో, మాస్టారి దస్తూరీలో పెద్ద అక్షరాలు: ఫుండెరె. పక్కన తెలుగులో 'కరిగించి పోయుట'. దానికి జానెడు పైన ట్రాన్స్‌ఫ్యూజన్. ఆ పైన, పాఠం బొమ్మలకి రెండు మూరల చోటు వదిలి, డిఫ్యూజన్. అన్నిటికీ పైన, చెయ్యి చాపినా అందనంత ఎత్తులో, ఫ్యూజన్. మూడు మాటలూ మూడు చేతుల రాతలు.

ఆ గోడే తోమాస్ పీకకి ఉచ్చయింది.

నిన్న శనివారం. సాయంత్రం అయిదున్నరకి పక్కింటి నూకాలమ్మ గుమ్మంలోంచి వేసిన కేక విని జనం వచ్చేసరికి, వెనక చిన్నగదిలో మాస్టారు తల పగిలి పడి ఉన్నాడు. ఆయన్ని ఒళ్లో పెట్టుకుని తోమాస్ కూర్చున్నాడు, చొక్కా నిండా నెత్తురుతో. మధ్యాహ్నం తనే అందరికంటే ముందు వచ్చాననీ, పాఠం అయ్యాక మూడింటికే వెళ్లిపోయాననీ, మరిచిపోయిన టిఫిను డబ్బా కోసం తిరిగొచ్చి ఈ ఘోరం చూశాననీ చెప్పాడు. "గోడ మీద నీ మాటేది?" అని అడిగారు. "అడుగున ఉన్నది నాదే" అన్నాడు. దాంతో సరిపోయింది. పై మాట ముందొచ్చినవాడిది, కింది మాట కడపటివాడిది, కనక వీడు ముందొచ్చానని చెప్పింది అబద్ధం అని తేల్చేశారు. తేల్చింది దరోగా కాదు. ఆయనకి పక్కన నిలబడి చెవిలో ఊదిన పోలరాజు.

ఈ పోలరాజు ఒకప్పుడు కంపెనీ కాపలా విభాగం వాచ్ అండ్ వార్డులో గణపతిరావు కింద పనిచేసినవాడే. పనికంటే సెల్యూట్లు బాగా చేసేవాడు. ఇప్పుడొక ప్రైవేటు ఫౌండ్రీలో సెక్యూరిటీ ఆఫీసరు. దరోగాతో కలిసి టీ తాగుతాడు, దరోగా జీపులో తిరుగుతాడు. మాస్టారి దగ్గర చదువుకునే అసిరయ్య ఆ ఫౌండ్రీలోనే ఇనుం కరిగించే కొలిమి దగ్గర ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్నాడు.

"ఇప్పుడు చెప్పు అసిరయ్యా. ఈ క్లాసు ఎన్నింటికి మొదలవుతుంది?"

"ఎన్నింటికనుంది బాబూ? ఎవులి షిఫ్టు దిగి ఆలు వత్తారు. ఒకలు రెండుకి, ఒకలు నాలుక్కి. వచ్చినోడు ముందు ఆ దాతువు సూసి, దాన్నించి పుట్టిన సైన్సు మాటొకటి గోడ మీద రాయాల. ముందోడు రాసింది మల్లీ రాయకూడదు. అదే మా హాజిరీ. రాసినాకే కూకోవాల."

"నిన్న ఎవరెవరు వచ్చారు?"

"నానైతే రానేదు. డబల్ డూటీ ఏసీసినారు, రేతిరి పది వరకూ. గేటు బుక్కులో సూసుకోండి." గేటు బుక్కు గణపతిరావు అప్పటికే చూశాడు. ముసలివాడు చెప్పింది నిజమే. "తోమాసు బాబు వచ్చినాడు. దాతువు మీదనున్న ఆస్పత్రి మాట ఆ బాబుదే. ఆ రెండో మాట శాంతకుమారుది. లేబరేటరీలో పన్జేత్తాడు కదా, ఆడికి అలాటియ్యే వత్తాయి."

శాంతకుమార్ నిన్న సాయంత్రం బండికే సెలవు మీద వాల్తేరు వెళ్లిపోయాడు. పొద్దున్న ఇచ్చిన తంతికి ఇంకా జవాబు లేదు.

"మరి పైనున్న ఫ్యూజన్ ఎవరిది?"

అసిరయ్య తల పైకెత్తాడు. అంతవరకూ అతను గోడ పైభాగంకేసి చూడనేలేదని గణపతిరావుకి అప్పుడు తెలిసింది. చచ్చిపోయిన మనిషి అడుగున రాసిన మాట చుట్టూనే కళ్లు తిప్పుకుంటూ ఉన్నాడు పాపం. ఇప్పుడు చూశాడు. పెదాలు కదిలాయి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని.

"ఓలమ్మో," అన్నాడు. "నా మాట ఎవులో రాసీసినారు!"

"నీ మాటా? నువ్వు రాలేదన్నావు కదా?"

"నాను రానేదు బాబూ. అయినా అది నాదే." ముసలివాడు వేలెత్తి ఆ మాటని చూపించాడు. "నాకు ఇంగిలీసు అంతంత మాత్రం. ఆకర్న వత్తాను. అప్పటికి మాటలన్నీ అయిపోతే నానేటి రాత్తాను? అందుకని మావోలంతా ఒక కట్టుబాటు ఎట్టుకున్నారు. అన్నిటికన్నా తేలికమాట మామయ్యకి, నాకన్నమాట, ఒదిలీయాల అని. ఎవులూ ముట్టుకోరు. మాస్టారుకీ తెలుసు, తెలీనట్టు నవ్వీవోడు. మావోల్లో ఎవుడూ ఇది రాయడు. రాయడంతే రాయడు!"

గణపతిరావు గోడకి దగ్గరగా జరిగాడు. మధ్యాహ్నం నుంచీ పట్టుకున్న నిద్రమత్తు ఎటుపోయిందో తెలియదు.

"ఆఖర్న వస్తావన్నావు. ఆఖర్న వచ్చినవాడు ఎక్కడ రాస్తాడు?"

"పైన."

"పైనా?"

"పైనే కద బాబూ!" ఇంత తెలీదా అన్నట్టు చూశాడు అసిరయ్య. "మాస్టారు తండ్రి తాపీమేస్త్రీ. పునాది ఏసినాక గోడ పైకి లేత్తాది గానీ కిందకి దిగుతాదేటి అనీవోడు. దాతువు అడుగున, మాటలు వరసకి వరస మీదకి. ఆకరోడికి అందదని ఈ ముక్కాలి పీట. దీనెక్కి రాసీది నానే."

తలుపు వెనక ముక్కాలి పీట ఉంది. గణపతిరావు వంగాడు. నడుం కలుక్కుమంది. పీట మీద సుద్దపొడి పడి, దాని మీద బూటు అడుగు ముద్ర. అసిరయ్య కాళ్లకి టైరు చెప్పులు. ఆస్పత్రి చెప్పుల తోమాస్‌కీ బూట్లు లేవు.

అడుగున ఉన్నది నాదే. కుర్రాడు నిజమే చెప్పాడు. అడుగున అంటే మొదట అని వాడికి ఎంత సహజమంటే, అది విడమరిచి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. వెర్రిబాగులవాడు! ఆ ఒక్కమాటతో తన మెడ తనే ఉచ్చులో పెట్టుకున్నాడు. గోడ ప్రకారం ముందు తోమాస్, తర్వాత శాంతకుమార్, ఆ తర్వాత బూట్లేసుకుని, ఈ గది కట్టుబాటు సగమే తెలిసిన ఎవరో మూడోమనిషి. మాస్టారు ఎవర్నైనా సరే మాట రాయించందే కూర్చోనివ్వడు. ఆ మనిషి పీటెక్కి, కంటికి మొదట తట్టిన తేలికమాట రాసి కూర్చున్నాడు.

"అసిరయ్యా, మాస్టారి మీద ఎవరికి కక్ష?"

అసిరయ్య గుమ్మంకేసి చూశాడు. గొంతు తగ్గించాడు.

"మా ఫౌండ్రీలో రెండు నెల్ల కింద కరిగిన ఇనుం బకెట్టు కొక్కెం ఇరిగి ఇద్దరు కాలి సచ్చిపోనారు. ఆల తప్పే అని రాసీసినారు. ఇరిగిన కొక్కెం ముక్కొకటి నాను టిఫినీలో ఎట్టి మాస్టారుకి తెచ్చిచ్చినాను. శాంతకుమారు దాన్ని పరీచ్చ సేయించినాడు. పనికిమాలిన ఇనుమంట బాబూ, ఉప్పులాగ పొడైపోయేదంట. నిన్న ఆ కాయితం తెత్తానన్నాడు. మాస్టారేమో ముందు ఫౌండ్రీవోలకే ఉత్తరం రాసినాడు, మీ అంతట మీరే ఒప్పుకోండి అని. వద్దు మాస్టారూ అన్నాను. ఇన్నేదు."

మంచివాళ్లతో వచ్చిన చిక్కే ఇది, అనుకున్నాడు గణపతిరావు. దొంగకి ముందుగా చీటీ పంపించి మరీ తలుపు తెరిచి ఉంచుతారు. ఆయన మీద జాలీ కోపమూ కలిసి వచ్చాయి. వెనకగదిలోకి వెళ్లి చూశాడు. బీరువా సొరుగులు లాగి ఉన్నాయి. సైన్సు ప్రయోగాల సీసాలన్నీ వరసగా ఉన్నాయి. కాగితం ఉంటుందని తనకి ఆశ లేదు, లేదు కూడా.

మూడూ పది. బయట జీపు ఆగింది.

"అరే, గణపతిరావుగారా! రిటైరైనా విశ్రాంతి లేదన్నమాట." పోలరాజు లోపలికొచ్చాడు. నిగనిగలాడే బూట్లు, చంకలో లాఠీ. "దరోగాసాబ్ నాలుగింటిదాకా ఆగరు, అరగంటలో తోమాస్‌ని బయల్దేరదీస్తారు. గదికి సీలు వెయ్యమన్నారు. చలియే, బయటికి నడవండి."

"వేద్దువుగాని. నాకు రెండు సందేహాలున్నాయి, పోలరాజూ."

"మీకెప్పుడూ సందేహాలే. అందుకే ఇరవయ్యారేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నారు."

"నిజమే. ఇప్పుడు ఆ కుర్చీ కూడా లేదు, చూశావుగా, నిలబడే ఉన్నాను." గణపతిరావు గొంతులో కోపం లేదు. అలిసిపోయిన మనిషికి కోపం కూడా బరువే. "నిన్న నువ్వీ గదిలో మొదటిసారి ఎప్పుడు అడుగుపెట్టావు?"

"ఆరింటికి. దరోగాసాబ్‌తో. రికార్డులో ఉంది."

"అంతకుముందు?"

"నాకేం పని? మాస్టారి మొహం కూడా ఎరగను."

"గోడ మీద రాతలే హాజరు అని దరోగాకి నువ్వే చెప్పావు. నీకెవరు చెప్పారు?"

"పక్కింటి ముసల్ది. నూకాలమ్మ."

"నూకాలమ్మని పొద్దున్నే అడిగాను. ఆ గోడ మీద ఏముందో తనకి తెలియదంది. ఇరవయ్యేళ్లలో గుమ్మం దాటి రాలేదట. చదువు చెప్పే గదిలో చదువురాని తనకేం పని అని."

పోలరాజు చంకలో లాఠీ చేతిలోకి వచ్చింది. "ఎవరో చెప్పారు. ఛోడో, వదిలెయ్యండి. తోమాస్ అడుగున రాశానని వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు. అడుగున రాసినవాడు ఆఖరివాడు. పసిపిల్లాడికి తెలుస్తుంది."

"పైనుంచి కిందకి."

"పైనుంచి కిందకి! ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే. నాదే తప్పేమో." గణపతిరావు కిటికీ గూట్లోంచి సుద్దముక్క తీసి, దాన్ని వేళ్ల మధ్య దొర్లించాడు. "ముసలివాణ్ణి. కాళ్లు పీకుతున్నాయి. ఈ అసిరయ్య, మాట రాయకుండా కూర్చోనివ్వనంటాడు. నాకా ఇంగ్లీషు సైన్సు రాదు. నువ్వు చదువుకున్నవాడివి. నా బదులు నువ్వొక మాట రాసెయ్, కాసేపు కూర్చుని వెళ్లిపోతాను. దేనికీ అడ్డం రాను. తోమాస్ సంగతి కూడా నీ ఇష్టం."

"తోమాస్ సంగతి నా ఇష్టమా? ఒప్పుకున్నట్టేనా?" పోలరాజు పెద్దగా నవ్వాడు. పాతికేళ్లుగా ఈ మనిషి తనముందు తల వంచడం చూడాలని ఉందతనికి. అది ఆ నవ్వులోనే తెలిసిపోయింది. "మాస్టారి చాదస్తం మీకూ అంటుకుందన్నమాట. ఫుండెరె. దీనికేముంది? మా ఫౌండ్రీ కూడా దీని సంతానమే కదా. ఇటివ్వండి!"

సుద్ద లాక్కున్నాడు. నవ్వుతూనే, తలైనా తిప్పకుండా, తలుపు వెనకనుంచి ముక్కాలి పీటని బూటుకాలితో లాగాడు. ఎక్కాడు. చెయ్యి పైకి చాచి, ఫ్యూజన్ అన్న మాటకి పైన, అసిరయ్య మాటకి పైన, రెండక్షరాలు రాశాడు. మూడోది మొదలుపెట్టాడు.

దూరంగా ఎక్కడో ఫ్యాక్టరీ సైరను మోగి ఆగింది.

అసిరయ్యే ముందు నోరు విప్పాడు. "బాబూ," అన్నాడు మెల్లగా, "కింద దాతువు మీద జానెడు కాలీ ఉంది కదా. పైనుంచి కిందకి రాత్తారని సెప్పినోలు, మీరేటి పీటెక్కినారు?"

పోలరాజు చెయ్యి గోడ మీదే ఉండిపోయింది.

"నీకు తెలుసు గనక ఎక్కావు," అన్నాడు గణపతిరావు. "మాస్టారు నీకు నేర్పాడు గనక. నిన్న మూడుకీ అయిదున్నరకీ మధ్య, శాంతకుమార్ వెళ్లాక వచ్చావు. ఉత్తరం గురించి మాట్లాడాలన్నావు. కూర్చోమన్నాడు, కూర్చునేముందు రాయమన్నాడు. పీట చూపించాడు. చచ్చేముందు ఆయన ఆఖరి శిష్యుడివి నువ్వే, పోలరాజూ. గోడ పైకి లేస్తుందని తెలిసీ దరోగాకి తలకిందులుగా చదివి వినిపించావు. ఒక కుర్రాడి ప్రాణం మీదకి తెచ్చావు."

పోలరాజు పీట మీదే ఇటు తిరిగాడు. మొహంలో నవ్వు లేదు. సుద్ద పారేసి, అరచేత్తో పై మాటని బరబరా తుడవసాగాడు.

"తుడువు. పొద్దున్న పదింటికి నేను రప్పించిన బిష్టుపూర్ స్టూడియో అతను వచ్చి ఫోటో తీసుకెళ్లాడు. అందులో ఫ్యూజన్ పైన ఏమీ లేదు. ఇప్పుడు నీ అరచెయ్యి ఉంటుంది."

తుడుస్తున్న చెయ్యి ఆగింది. పోలరాజు అసిరయ్యకేసి చూశాడు, కిటికీకేసి చూశాడు. బయట వీధిలో జీపు ఖాళీగా ఉంది, డ్రైవరు లేడు. పీట దిగి, నాలుగడుగుల్లో గుమ్మం చేరి తలుపు మూశాడు. గడియ పెట్టాడు. లాఠీ కుడిచేతిలోకి మార్చుకున్నాడు.

"ఒక ముసలాడు, ఒక కొలిమి కూలీ," అన్నాడు. "మాస్టారిక్కూడా అంతే చెప్పాను. ఆ కాయితం ఇచ్చెయ్యి, పోతానని. ఇవ్వలేదు."

అసిరయ్య గణపతిరావు ముందుకొచ్చి నిలబడ్డాడు, కాలిన మచ్చల చేతులు చాచి. మూడూ ఇరవై అయిదు. అవతల, థానా దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన త్రేసమ్మ తలుపు బాదుతోంది. "బాబుగోరూ! నా బిడ్డని బయల్దేరదీత్తన్నారు! బాబుగోరూ!"

భయం వేసింది. ఈ వయసులో కూడా వేస్తుందా అని ఆశ్చర్యమూ వేసింది. పరిగెత్తడానికి కాళ్లు లేవు, కొట్టడానికి చేతులు లేవు. త్రేసమ్మ కేకలకి వీధి పోగయ్యేదాకా ఈ మనిషిని మాటల్లో నిలబెట్టాలి, అంతే. గణపతిరావు ఇందాక కూర్చోబోయి మానేసిన బల్ల మీద మెల్లగా కూర్చున్నాడు.

"నేను రాయకుండానే కూర్చున్నాను. మాస్టారు క్షమిస్తాడు," అన్నాడు. వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంటున్న చప్పుడు వినబడుతోంది. "నువ్వు నిలబడ్డావేం పోలరాజూ? రెండు మాటలు రాశావు. కూర్చో."